ఇంటి మోరీ, ఊరి మోరీ

పాతికేళ్ళ కిందటి మాట. హైదరాబాదులో మేము అద్దెకుంటున్న ఇంట్లో ఒక ఆదివారం ఉదయం వంటింటి సింకులో నీళ్ళు నిలిచిపోయాయి. కాసేపటికి వెనుక వరండాలో గిన్నెలు తోమే చోట, తూములోంచి అన్నం మెతుకులు తేలుతూ పైకి వచ్చాయి. ఒకటికి రెండు చోట్ల నీళ్ళు ఎగదన్నుతున్నాయి గనుక ఇది మా ఇంటి సమస్య కాదని, వీధిలోని మెయిన్ లైనే జామ్ అయిందని నేను తీర్మానించేశాను. వారం ముందే పక్క వీధిలో మ్యాన్‌హోలు పొంగి పొర్లింది. నా తీర్మానానికి ఆ సాక్ష్యం చాలనుకున్నాను.

ఫిర్యాదు చేస్తే మధ్యాహ్నానికి ఒక మనిషి వచ్చాడు. చేతిలో పొడవాటి వెదురుబద్దలు, ఒక గునపం. మ్యాన్‌హోలు మూత లేపి తొంగిచూసి, "నీళ్ళు పోతున్నయి గద సారూ" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. "లోపలెక్కడో ఉంటుంది, దిగి చూడవయ్యా" అన్నాను. అతడు నా ముఖం ఒకసారి చూసి, చొక్కా విప్పి గోడమీద పెట్టి, లోపలికి దిగాడు. నడుముదాకా మురుగులో నిలబడి చేతులతో వెదికాడు. పైకి వచ్చాక గేటు దగ్గరి కుళాయి కింద చేతులు కడుక్కుంటూ, "లైన్ మంచిగనే ఉన్నది సారూ. అడ్డం మీ ఇంట్లనే ఉన్నది" అన్నాడు. ఆ తర్వాత మా ప్రహరీ లోపలి ఛాంబరు మూత తీశాడు. అది పొడిగా ఉంది. అందులోంచి వంటింటి వైపుకు బద్ద తోస్తే, నూనె జిడ్డూ టీపొడీ కలిసి గడ్డకట్టిన ముద్ద ఒకటి ఊడిపడింది.

సింకుకూ గిన్నెలు తోమే తూముకూ గొట్టం ఒక్కటే. స్నానాలగదిలో నీళ్ళు ఎప్పటిలాగే పోతున్నాయి. ఆ సంగతి చూడాలని నాకు తోచలేదు. మ్యాన్‌హోలు మూత తెరిచి పైనుంచి చూస్తేనే తేలిపోయిన విషయానికి, నా అజ్ఞానం వల్ల ఒక మనిషి అందులోకి దిగవలసి వచ్చింది.

ఇంట్లో అడ్డమా, వీధిలో అడ్డమా అన్న ప్రశ్న చూడటానికి చాలా చిన్నది. దాని వెనుక ఉన్న చరిత్ర మాత్రం చిన్నది కాదు. ఇల్లు ఎక్కడ ముగిసి ఊరు ఎక్కడ మొదలవుతుంది, ఖర్చు ఎవరిది, అన్నిటికన్నా ముఖ్యంగా లోపలికి దిగేది ఎవరు అన్న ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయి. మన మాటల్లో ఈ తేడా కనిపించదు. తెలంగాణలో ఇంటి వెనుక నీళ్ళు పోయే దారీ మోరీయే, వీధి పక్కన పారే కాలువా మోరీయే. ఇప్పుడు అన్ని ప్రాంతాలవాళ్ళమూ వాడే "డ్రైనేజీ" అన్న మాటా అంతే. గొట్టమూ డ్రైనేజీయే, మ్యాన్‌హోలూ డ్రైనేజీయే, అందులో పారే నీరూ డ్రైనేజీయే.

మాటల్లో లేని ఈ తేడా ఇటుకల్లో మాత్రం చాలా పూర్వమే ఉంది. క్రీస్తుపూర్వం మూడవ సహస్రాబ్దిలో వర్ధిల్లిన మొహెంజొదారోలో ఇళ్ళలోని స్నానపు గచ్చుల నుంచి నీరు గోడలోని తూము గుండా వీధి కాలువలోకి పోయేది. చాలాచోట్ల అది తిన్నగా పోయేది కాదు. నడుమ ఒక చిన్న గుంటో, అడుగున చిల్లి ఉన్న కుండో ఉండేది. చెత్తా మట్టీ అందులో దిగబడి, తేటపడిన నీరు మాత్రమే ఊరి కాలువలోకి చేరేది. ఇంటి అడ్డం ఇంటి దగ్గరే ఆగిపోవడానికి చేసిన ఏర్పాటు అది. వీధి కాలువలపై ఇటుకలో రాతిపలకలో కప్పేవారు. పూడిక తీయవలసి వచ్చినప్పుడు వాటిని లేపడానికి వీలుండేది.

ఆ నగరాన్ని తవ్విన పురావస్తు శాస్త్రజ్ఞులలో ఒకరైన ఎర్నెస్ట్ మెకే ఒక చిన్న విషయం గమనించాడు. కాలువల పక్కన అక్కడక్కడ చిన్న చిన్న కుప్పలు, ఎక్కువగా ఇసుకవి, కనబడ్డాయి. కాలువ శుభ్రం చేసినవాళ్ళు తీసిన పూడికను అన్నిసార్లూ మోసుకుపోలేదని దానివల్ల తెలుస్తుంది. సింధు లిపిని మనం ఇంతవరకు చదవలేకపోయాము. ఆ కాలువలు కట్టించినవారి పేర్లు తెలియవు, పూడిక తీసినవారి పేర్లు అసలే తెలియవు. అయినా వాళ్ళ పని ఆనవాలు నాలుగువేల ఏళ్ళు దాటి ఇసుక కుప్పల రూపంలో మిగిలింది. మురుగుకాలువ ఉన్నచోటల్లా పూడిక తీసే చెయ్యి కూడా ఉంటుందని ఆ కుప్పలు మనకు చెబుతున్నాయి.

ఇక మనం నేడు వాడుతున్న పద్ధతి, అంటే ప్రతి ఇంటినీ గొట్టంతో వీధి కింది సొరంగానికి కలిపే పద్ధతి, పందొమ్మిదవ శతాబ్దపు లండన్‌లో స్థిరపడింది. అక్కడ 1815 వరకు ఇంటి మలినాన్ని వీధి కాలువలోకి వదలడమే నిషిద్ధం. ఆ కాలువలు వాననీటి కోసం కట్టినవి. ఇంటి మలినానికి ఇంటి కిందనో పెరట్లోనో గొయ్యి ఉండేది. రాత్రిపూట మనుషులు వచ్చి దానిని ఎత్తిపోసేవారు. కాబట్టి ఆనాడు అడ్డం ఎక్కడ అన్న సందేహానికే తావు లేదు. ఏది నిండినా అది ఇంటివారిదే.

నీళ్ళతో కడిగే మరుగుదొడ్లు వచ్చి ఈ లెక్కను మార్చాయి. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల నిపుణుడు గొట్టాన్ని ఎస్ ఆకారంలో వంచి పేటెంటు పొందాడు. ఆ వంపులో ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి, కిందనుంచి దుర్వాసన పైకి రాకుండా అడ్డుకుంటుంది. మన కమోడు వెనుకా, వాష్‌బేసిన్ కిందా ఉన్న వంపు ఈనాటికీ అదే. వాసనను ఆపే ఆ వంపే వెంట్రుకలనూ జిడ్డునూ కూడా ఆపుతుంది. ఇంటిలో కలిగే అడ్డాలలో చాలామటుకు పుట్టేది అక్కడే.

ఒక్కో మరుగుదొడ్డి నుంచి పడే నీటితో గోతులు తొందరగా నిండసాగాయి. 1842లో ఎడ్విన్ చాడ్విక్ శ్రామికుల ఆరోగ్యస్థితిపై తన నివేదిక వెలువరించాడు. మలినాన్ని నిలవ ఉంచకూడదు, నీటితో నిరంతరం పారించాలి అన్నది అతని సిద్ధాంతం. 1848 నాటికి లండన్‌లో ఇళ్ళను వీధి కాలువలకు కలపడం తప్పనిసరి అయింది. ఆ కాలువలన్నీ థేమ్స్ నదిలోకి పోయేవి. తాగునీరు కూడా చాలామందికి ఆ నదిదే. 1848-49లో వచ్చిన కలరాకు ఆ నగరంలో 14 వేలమందికి పైగా చనిపోయారు.

ఆ రోజుల్లోనే ఇంజినీర్ల నడుమ ఒక పెద్ద వివాదం చెలరేగింది. చాడ్విక్ పక్షంవారు నున్నటి పూత గల సన్నని మట్టి గొట్టాలు కావాలన్నారు. హెన్రీ డౌల్టన్ 1846లో లాంబెత్‌లో అటువంటి గొట్టాల తయారీ మొదలుపెట్టాడు. గొట్టం సన్నగా ఉంటే నీరు వేగంగా పారి, తన దారిని తానే శుభ్రం చేసుకుంటుందని వారి వాదన. మనిషి లోపలికి వెళ్ళి శుభ్రం చేయగలిగేంత పెద్ద ఇటుక సొరంగాలు ఉండాలని ఎదుటి పక్షం పట్టుబట్టింది. సన్నని గొట్టం పూడుకుపోతే వీధి తవ్వక తప్పదని వారి భయం. ఒకరకంగా ఇద్దరి మాటా నిజమే. ఇంటికి సన్నని గొట్టమూ, ఊరికి పెద్ద సొరంగమూ స్థిరపడ్డాయి. ఆ సొరంగానికి చాలాచోట్ల కోడిగుడ్డును సన్నని కొన కిందికి నిలబెట్టిన ఆకారం ఇచ్చారు. నీరు తక్కువగా ఉన్నవేళ కూడా ఇరుకైన అడుగున అది వేగం కోల్పోదు. సెకనుకు సుమారు 60 సెంటీమీటర్ల వేగమైనా లేకపోతే ఇసుకా బురదా అడుగున కూర్చుంటాయని ఇంజినీర్ల లెక్క. ఆ తరువాతి కథ ప్రసిద్ధమే. 1858 వేసవిలో థేమ్స్ కంపు పార్లమెంటును సైతం తాకింది. జోసెఫ్ బజాల్జెట్‌కు పని అప్పగించారు. నదికి సమాంతరంగా 82 మైళ్ళ ప్రధాన సొరంగాలు వెలిశాయి.

ఇలా ప్రతి ఇల్లూ ఊరితో కలిసిపోయాక సరిహద్దు ఎక్కడ అన్న ప్రశ్న పుట్టింది. 1875లో ఇంగ్లాండు ప్రజారోగ్య చట్టం దానికి సమాధానం చెప్పింది. ఒకే భవనానికో, ఒకే ఆవరణకో చెందిన మురుగును మోసేది "డ్రెయిన్". వేర్వేరు మనుషులుండే రెండు లేక అంతకన్నా ఎక్కువ ఇళ్ళ మురుగును మోసేది "స్యూయర్". మొదటిది ఇంటివారిది, రెండవది పురపాలక సంఘానిది. చెప్పడానికి ఎంతో స్పష్టంగా ఉంది. అయితే నాలుగైదు ఇళ్ళు కలిసి ఒకే గొట్టాన్ని పంచుకున్నచోట అది ఎవరిదన్న తగాదాలు దశాబ్దాల పాటు నడిచాయి. 1936 చట్టం మళ్ళీ గీత జరిపింది. కడకు 2011 అక్టోబరు 1న ఇంగ్లాండులో అటువంటి ఉమ్మడి ప్రైవేటు గొట్టాలలో అత్యధిక భాగాన్ని నీటి కంపెనీల బాధ్యత కిందికి తెచ్చారు. ఈ చిన్న గీత గీయడానికి ఆ దేశానికి 136 ఏళ్ళు పట్టిందన్నమాట.

మన హైదరాబాదుకు భూగర్భ మురుగుకాలువలు ఒక విపత్తు వెంట వచ్చాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలమంది కొట్టుకుపోయారు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య నిజాం ప్రభుత్వ పిలుపుపై వచ్చి, వరద నివారణతోపాటు నగరానికి మురుగునీటి పథకం కూడా రూపొందించాడు. వరద నివారణకు తలపెట్టిన జలాశయాలలో ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. మురుగు కాలువల వ్యవస్థ 1931లో రూపుదాల్చింది. అది సుమారు 4 లక్షల 68 వేల జనాభాను దృష్టిలో ఉంచుకొని వేసినది. ఆ నగరం నేడు కోటి దాటిన మహానగరం. పాతబస్తీలోను, దాని చుట్టుపక్కల పేటల్లోను వానాకాలంలో మ్యాన్‌హోళ్ళు ఎందుకు పొంగుతాయో తెలుసుకోవడానికి ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. దానికి తోడు, వాననీటికి వేరే దారి లేని ఇళ్ళవారు మేడమీది వాననీటి గొట్టాన్ని మురుగు గొట్టంలోనే కలిపేస్తారు. గంటసేపు కుంభవృష్టి కురిస్తే, మురుగుకోసం వేసిన లైను వాననీటితో నిండిపోతుంది. ఆ నీరు పల్లంలో ఉన్న ఇంటి కమోడులోంచి పైకి వస్తుంది.

ఇంత చరిత్ర చెప్పుకున్నాక, అసలు ప్రశ్నకు వద్దాము. అడ్డం ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి? ఆనాడు ఆ మనిషి చేసిన పని చూసి, ఆ తరువాత చదివి, అడిగి నేను నేర్చుకున్నది ఇది.

మురుగు ఎప్పుడూ పల్లానికే పోతుంది. ఒక్కో తూముకు ఒక పిల్లగొట్టం, పిల్లగొట్టాలన్నీ కలిసే ఇంటి గొట్టం, ఆ గొట్టం చేరే ఛాంబరు, ఛాంబరు దాటాక వీధి లైను. ఇది ఒక చెట్టు లాంటిది. అడ్డం కొమ్మలో ఉంటే ఆ కొమ్మకే బాధ, మానులో ఉంటే అన్ని కొమ్మలకూ బాధ. వాష్‌బేసిన్ ఒక్కటే నిదానంగా పోతూ, తక్కినవన్నీ బాగుంటే అది ఆ వంపులోని వెంట్రుకల పనే. రబ్బరు పంపుతో నాలుగుసార్లు నొక్కితేనో, కింది వంపు విప్పి కడిగితేనో పోతుంది. రెండు తూములు ఒకేసారి ఆగినంత మాత్రాన మెయిన్ లైను అనుకోరాదు. ఆ రెండూ ఒకే కొమ్మకు చెందినవేమో చూడాలి. నేను చేసిన తప్పు అదే. వంటింటికి దూరంగా, వేరే గొట్టం మీదున్న స్నానాలగదిలో ఒక బకెట్టు నీళ్ళు కుమ్మరించి చూస్తే నిమిషంలో తేలిపోయేది.

ఇంట్లో అన్నిటికన్నా పల్లంలో ఉన్న తూమును గమనించాలి. సాధారణంగా అది కింది అంతస్తు స్నానాలగది జాలీ. పైన వాషింగ్ మెషీను నీళ్ళు వదిలినప్పుడు కింద జాలీలోంచి నీరు పైకి వచ్చినా, సింకులో నీళ్ళు వదిలితే కమోడులో గుడగుడ శబ్దం వచ్చినా, అడ్డం పిల్లగొట్టాలు దాటి ఇంటి గొట్టంలోనో, దాని తరువాతో ఉన్నట్టు. వీటన్నిటికన్నా బలమైన గుర్తు మరొకటుంది. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, పైఅంతస్తులవారిని కూడా కాసేపు నీళ్ళు వాడవద్దని చెప్పి చూడండి. అప్పటికీ నీరు పైకి వస్తూంటే అది మీ నీరు కాదు, ఊరి నీరు. అది వీధి లైనే.

చివరిగా ఛాంబరు. ప్రహరీ లోపలి ఛాంబరు మూత తీసినప్పుడు, లోపల పొడిగా ఉండి ఇంట్లో నీళ్ళు నిలిచి ఉంటే, అడ్డం ఇంటికీ ఛాంబరుకూ నడుమ ఉంది. ఛాంబరు నిండి ఉంటే దాని తరువాత ఉంది. అప్పుడు వీధి మ్యాన్‌హోలు చూడవలసింది సిబ్బంది. అది పారుతూ ఉంటే అడ్డం ఛాంబరుకూ మ్యాన్‌హోలుకూ నడుమనున్న ముక్కలో ఉంది. అదీ నిండి ఉండి, ఇరుగుపొరుగు ఇళ్ళలోనూ ఇదే గోడు వినిపిస్తే మెయిన్ లైను పూడినట్టు. ఇంతవరకూ ఎవరూ ఎక్కడా దిగవలసిన పని లేదు. ఛాంబరు మూత తీసేటప్పుడు కూడా ముఖం లోపలికి వంచరాదు, అగ్గిపుల్ల వెలిగించరాదు. మురుగులో పుట్టే మీథేన్ మండుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మరీ మోసకారి వాయువు. తక్కువగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది, ఎక్కువైతే ముక్కు వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. వాసన రావడం లేదు గనుక ప్రమాదం లేదనుకుని దిగినవాడు మళ్ళీ పైకి రాడు.

మెయిన్ లైను పూడటానికి మన వంటిల్లే చాలాసార్లు కారణం. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ ప్రాంతంలో, విక్టోరియా కాలపు సొరంగంలో 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువున గడ్డకట్టిన కొవ్వూ గుడ్డలూ బయటపడ్డాయి. దానిని తొలగించడానికి వారాలు పట్టింది. ఇంటింటి నుంచి చెంచాడు చెంచాడుగా పోసిన నూనె అది. మా సింకు గొట్టంలోని ముద్దా, ఆ గడ్డా ఒకే వంశానివి.

మన దేశంలో ఆ గడ్డను తీయడానికి ఎవరిని దింపుతామన్నది కులంతో ముడిపడిన ప్రశ్న. కోలారు బంగారు గనుల పట్టణంలో, తరతరాలుగా ఆ పని చేసిన కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ దానిపై జీవితమంతా పోరాడాడు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఆయన నాయకత్వంలోని సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2013లో వచ్చిన చట్టం, రక్షణ సాధనాలు లేకుండా మురుగుకాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో మనిషిని దింపడాన్ని నేరం చేసింది. మొదటి తప్పుకే రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా ఉండవచ్చు. 2014 మార్చి 27 నాటి తీర్పులో, 1993 తరువాత అలా చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్ఫై లక్షలకు పెంచింది.

తీర్పు వచ్చిన మరుసటి ఏడాది, 2015 నవంబరులో, కోళికోడ్‌లో ఒక మ్యాన్‌హోలులోకి దిగిన ఇద్దరు కార్మికులు ఊపిరాడక పడిపోయారు. ఆ ఇద్దరూ ఆంధ్రప్రదేశ్ నుంచి పొట్టకూటికి వెళ్ళినవారు. దారినపోతూ కేకలు విని, వాళ్ళను కాపాడబోయిన స్థానిక ఆటో డ్రైవరు కూడా అందులోనే చనిపోయాడు. ఆ ముగ్గురి మరణం కదిలించగా, కేరళలో కొందరు యువ ఇంజినీర్లు మ్యాన్‌హోలులోకి మనిషికి బదులు దిగే యంత్రాన్ని తయారుచేశారు. 2018లో అది తిరువనంతపురంలో పనిలోకి వచ్చింది. హైదరాబాదులోనూ 2017లో ఇరుకు సందుల్లోకి పోగల చిన్న జెట్టింగ్ యంత్రాలు వచ్చాయి. యంత్రాలు వచ్చినా, దిగి చనిపోయిన మనుషుల వార్తలు ఆగలేదు. ఫోను చేసి "ఎవరినైనా పంపండి, దిగి తీసేస్తాడు" అనే మాట మన నోళ్ళలో ఇంకా అరగలేదు.

మా ఇంటికి వచ్చిన ఆ మనిషి పేరు నేను అడగలేదు. యాభై రూపాయలు చేతిలో పెడితే నవ్వి, వెదురుబద్దలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అతనికి చట్టం ఇచ్చిన రక్షణ ఆనాటికి లేదు. నాకు ఒక బకెట్టు నీళ్ళు స్నానాలగదిలో కుమ్మరించి చూసే తెలివైనా ఉండవలసింది. ఈ వ్యాసం చదివినవారి ఇంట్లో ఎప్పుడైనా నీళ్ళు నిలిచిపోతే, ఫోను అందుకోకముందు ఆ బకెట్టు గుర్తుకు రావాలని నా కోరిక.